అప్పీలు లేని ఔట్

"ఆ చప్పుడు వీడికి తప్ప ఎవడికీ వినపడలేదు," అన్నాడు లెన్ ఒల్డ్‌రాయిడ్, టీ గదిలో అందరికీ వినపడేట్టు.

విల్ఫ్ ప్రాసర్ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. అంపైర్‌గా అతనికిదే ఆఖరి మ్యాచ్. సాయంత్రం మైదానం గేటుకి అతని పేరు పెడుతున్నారు. పొద్దుటినుంచీ వచ్చినవాడల్లా ఆ కథే ఎత్తుతున్నాడు.

డెబ్భై ఆరు నాటి కప్పు ఫైనల్. విల్ఫ్ మా జట్టు బ్యాట్స్‌మన్, ఒల్డ్‌రాయిడ్ అవతలి జట్టు ఫాస్ట్ బౌలర్. అప్పుడు హెల్మెట్లెక్కడివి? అతని బంతికి మా ఇంకో బ్యాట్స్‌మన్ రెజ్ దవడ విరిగింది. పళ్ళు రెండు పిచ్ మీదే ఉండిపోయాయి. ఇంకా మూడే పరుగులు కావాలి, ఆఖరి జోడీ. మరుసటి ఓవర్లో ఒక బంతి విల్ఫ్ బ్యాట్ పక్కనుంచి కీపర్ చేతుల్లో పడింది. ఔటని ఒక్కడూ అప్పీలు చెయ్యలేదు. విల్ఫ్ మాత్రం చప్పుడైంది, తగిలిందని చెప్పి, బ్యాట్ చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. కప్పు పోయింది. అయితేనేం, అంతటి నిజాయితీపరుడు ఇంగ్లండులోనే లేడని పేరొచ్చింది. ఆ పేరు చూసే అంపైర్ కోటు తొడిగారు.

"ఇంకా నిన్ను వెంటాడుతోందేంట్రా అది?" అని నవ్వాడు ఒల్డ్‌రాయిడ్.

"రోజూ," అన్నాడు విల్ఫ్.

కప్పు పోగొట్టానన్న దిగులు పాపం ఇంకా తీరలేదని మావాళ్ళు జాలిపడ్డారు.

టీ తర్వాత మా కౌంటీకి పదకొండు పరుగులు కావాలి, మళ్ళీ ఆఖరి జోడీ. క్రీజులో ఇరవై రెండేళ్ళ ఫిన్ హార్లో. ఒక బంతి అతని హెల్మెట్‌కి తగిలి ఠంగుమంది. డాక్టరొచ్చి చూసి పర్లేదన్నాడు. తర్వాతి బంతి బ్యాట్ పక్కనుంచి కీపర్ చేతుల్లో పడింది. ఎవరూ ఔటని అడగలేదు. ఫిన్ బ్యాట్ చంకన పెట్టుకుని పెవిలియన్ వైపు నడిచాడు.

మరో విల్ఫ్ పుట్టాడని జనం లేచి చప్పట్లు కొట్టారు.

విల్ఫ్ ఆట ఆపమన్నట్టు డెడ్ బాల్ అని కేకేసి, మోకాలి నొప్పి కూడా మరిచి పరుగెత్తాడు. ఔటనుకుని పొరపాటున వెళ్ళేవాణ్ణి వెనక్కి పిలవాల్సింది అంపైరే.

"తగిలింది సార్. చప్పుడు విన్నాను," అన్నాడు ఫిన్.

"తగల్లేదు బాబూ."

చప్పట్లు ఆగిపోయాయి. ఈ ముసలాడికి చివరిరోజున మతి పోయిందని ఎవరో గొణిగారు. ఫిన్ గొంతు తగ్గించాడు.

"భయమేసింది సార్. ఎవరికీ చెప్పకండి."

"చెప్పను. ఆ పెవిలియన్ మెట్లు మాత్రం ఇలా ఎక్కకు. ఎక్కితే జన్మంతా ఎక్కుతూనే ఉంటావు."

ఫిన్ తిరిగొచ్చి నిలబడ్డాడు. రెండో బంతికే స్టంపులు ఎగిరిపోయాయి, మ్యాచ్ పోయింది. అయినా తలెత్తుకుని వెళ్ళాడు. అతను మెట్లెక్కేదాకా విల్ఫ్ చూస్తూనే ఉన్నాడు.

గేటు దగ్గర జనం పోగయ్యారు. విల్ఫ్‌ని పొగుడుతూ చదవాల్సిన ఉపన్యాసం కాగితం పట్టుకుని ఒల్డ్‌రాయిడ్ ఎదురొచ్చాడు.

"అచ్చం నీలాంటి కుర్రాడు! వాణ్ణెందుకురా ఆపావు?"

విల్ఫ్ అతని చేతిలోని కాగితం తీసుకుని మడతపెట్టాడు.

"ఆ రోజు నా బ్యాట్‌కీ తగల్లేదురా, లెన్."