తెగిన గొడుగు

తల్లి పెంచిన పగడాన్ని కూతురే చంపింది. వెల్డింగు మేస్త్రి మనసులో ఆ తీర్పు ఎప్పుడో అయిపోయింది. ఇక దానికి అప్పీలు లేదు.

కూతురు మూత పెట్టిన ప్లాస్టిక్ డబ్బా పట్టుకుని లోపలికి వచ్చింది. ఆయన కుర్చీలోంచి లేవలేదు.

"మళ్లీ ఏం కత్తిరించుకుపోదామని?"

"ఇవ్వడానికి వచ్చాను నాన్నా."

గోడవారన ఉప్పునీటి అక్వేరియం ఉంది. దాని ఇనప స్టాండు ఆయన చేసింది. మిగతాదంతా చనిపోయిన భార్యది. పుట్టగొడుగులా గొడుగు విప్పి కుచ్చులూపే మెత్తటి పగడాన్ని ఆమె పసిబిడ్డలా సాకింది. దాని అంచు కోసి వేరే రాయికి కడితే రెండోది పెరుగుతుందని ఆమె ఎన్నోసార్లు చెప్పింది. "నా ఇంట్లో దాని మీద కత్తెర పడితే ఊరుకోను" అని ఆయన ఆమె నోరు మూయించాడు.

తొట్టి వెనక మోటారు వైర్లకు ఆమె చుట్టిన నైలాను దారం ఇంకా అలాగే ఉంది. మూడు చుట్లు, కొస లోపలికి దోపి, ఎడమచేతి ముడి. అది విప్పడమే ఇంట్లో ఎవరి తరమూ కాదు, వేయడం సంగతి సరేసరి. చిన్నప్పుడు కూతురు నేర్చుకోబోయి, చేతకాక ఏడ్చి వదిలేసింది.

ఇప్పుడు తొట్టిలో ఉత్త రాళ్లే మిగిలాయి.

కూతురు అద్దం అంచున పేరుకున్న తెల్లటి ఉప్పును గోటితో గీరింది. "నీళ్లు తగ్గినప్పుడల్లా ఏం పోశావు నాన్నా?"

"సముద్రపు జీవికి ఏం పోస్తారు? ఉప్పునీళ్లే."

"ఆవిరైపోయేది నీళ్లే, ఉప్పు కాదు కదా! మంచినీళ్లు పోయాలి. అమ్మ ఎప్పుడూ..."

"ఓహో! కత్తెర నీది, పాపం నా ఉప్పుదా?"

ఆమె గోటికి అంటిన ఉప్పును దులుపుకుంది.

"మీ అమ్మ మంచాన పడి ఊపిరికి కొట్టుకుంటుంటే, నేను మందులకు వెళ్లిన సందు చూసి గొడుగు అంచు కోసుకుపోయావు. ఔనా, కాదా?"

ఆమె ఏదో అనబోయి, తొట్టి వైపు చూసి ఆగిపోయింది.

"ఔను."

"మరి ఏ మొహం పెట్టుకుని వచ్చావు?"

"ఆ ముక్క బతికింది నాన్నా. చూడు." మూత తీసింది. చిన్న రాయి మీద అదే మీగడ రంగు, అవే కుచ్చులు. "తొట్టి నీళ్లు మార్చి ఇందులో పెడదాం. అప్పుడప్పుడూ వచ్చి చూసుకుపోతాను. నన్ను గడప తొక్కనివ్వు, చాలు."

ఆయన రాయిని పైకి తీశాడు. ముక్కను రాయికి కట్టిన దారాన్ని పైవైపు పగడం కప్పేసింది. అడుగున మాత్రం ఇంకా కనబడుతోంది. బొటనవేలితో దాన్ని తడిమాడు. వేలు అక్కడే నిలిచిపోయింది. కాసేపటికి రాయిని డబ్బాలో పెట్టి, మూత తానే బిగించాడు.

"తీసుకుపో. దొంగసొత్తు నా ఇంట్లో ఉండదు."

"నాన్నా..."

"నువ్వూ ఇక రావద్దు."

కూతురు డబ్బాను పొట్టకు ఆనించుకుని మెట్లు దిగింది. ఆయన తలుపు గడియ వేశాడు.

రాయి అడుగున ఉన్న భార్య ఎడమచేతి ముడి గురించి ఆయన ఇక ఎన్నడూ నోరెత్తలేదు.