నిలబడే పని

"ఆ కుర్చీలో నేనిక కూర్చోలేను సార్" అన్నాడు బిల్లింగ్ క్లర్కు.

బట్టల షాపు ఓనరు కళ్ళజోడు పైనుంచి చూశాడు. "ఇంతమంది పొద్దస్తమానం నిలబడి కాళ్ళు పీక్కుపోతున్నాయని ఏడుస్తుంటే, ఉన్న ఒక్క కుర్చీ నీకిచ్చాను. అదీ బరువైందా? ఏమొచ్చింది నీకు?"

"నడుం నొప్పి సార్. డాక్టరు కూర్చోవద్దన్నాడు. సేల్స్‌లో వేయండి, నిలబడి చేస్తాను."

"నడుం నొప్పికి నిలబడమన్నాడా? ఎక్కడ దొరికాడయ్యా నీకా డాక్టరు?" ఓనరు నవ్వాడు. "తర్వాత చూద్దాంలే. ముందెళ్ళి బిల్లులు కొట్టు."

నొప్పి నడుములో కాదు, ఇంకాస్త కింద. మలద్వారం దగ్గర చర్మం చీలింది. దాన్ని ఫిషర్ అంటారని డాక్టరు చెప్పాడు. పొద్దున్నే దొడ్డికి వెళ్ళొస్తే చాలు, మధ్యాహ్నం దాకా గాజుపెంకుల మీద కూర్చున్నట్టే ఉంటుంది. ఆ మాట షాపులో చెప్పడమంటే చేజేతులా పరువు తీసుకోవడమే. ఒకడికి తుమ్మొస్తేనే రోజుల తరబడి చెప్పుకుని నవ్వే జనం వాళ్ళు. అందుకే నేరం నడుం మీదికి నెట్టాడు. పాపం, నడుముకి ఏమీ తెలియదు.

భోజనాల వేళ స్టోర్‌రూములో నిలబడి, క్యారేజీ మూత తీశాడు, మళ్ళీ పెట్టేశాడు. తింటే రేపు పొద్దున్న దొడ్డికి వెళ్ళాలి. ఆ భయంతో కొన్నాళ్ళుగా ముద్ద దిగడం లేదు. జేబులోంచి ఫోన్ తీశాడు. ఇదే బాధ పడేవాళ్ళు పెట్టుకున్న గ్రూపు ఒకటుంది. అందులో ఎవరూ అసలు పేరు చెప్పరు, నంబర్లు కూడా కనబడవు. అక్కడ ఇతను 'ముళ్ళకుర్చీ'. ఇతనికి రోజూ ధైర్యం చెప్పే మనిషి 'మొండిఘటం'. మొదటిరోజే ఇతను 'అన్నా' అన్నాడు, అవతల నుంచి 'తమ్ముడూ' అని వచ్చింది. ఏ ఫ్యాక్టరీలోనో మిషను ముందు నిలబడే మీసాల మనిషిని ఊహించుకున్నాడు.

"అన్నా, ఇవాళ కూడా తినలేదు" అని కొట్టాడు.

"తినకపోతే ఇంకా గట్టిపడుతుంది, ఇంకా చీలుతుంది. ఆ తప్పు నేను చేశాను, నువ్వు చెయ్యకు. ఆకుకూర తిను, బొప్పాయి తిను, నీళ్ళు బాగా తాగు. ఇంటికెళ్ళగానే గోరువెచ్చని నీళ్ళ టబ్బులో కాసేపు కూర్చో. ఆయింట్‌మెంటు మానకు."

"అన్నీ చేస్తున్నా. రోజంతా ఆ కుర్చీలో కూర్చునేసరికి చేసిందంతా నీళ్ళపాలవుతోంది."

"నిలబడే పని అడిగావా?"

"అడిగాను. నవ్వాడు."

"మళ్ళీ అడుగు. సిగ్గుపడితే బతకలేం తమ్ముడూ. నాది నిలబడే పని కాబట్టే ఈ మాత్రమైనా ఉన్నాను. ఆపరేషనుకి సెలవివ్వరు, నిలబడే నెట్టుకొస్తున్నాను. పట్టుబట్టు. ఎవరేమనుకున్నా వదలకు."

ఆ మాటతో ఇతనికి ప్రాణం లేచొచ్చింది. క్యారేజీ మళ్ళీ తీసి, నాలుగు ముద్దలు తిని, తిన్నగా ఓనరు దగ్గరికి వెళ్ళాడు.

"సేల్స్‌లో వేయకపోతే మానేస్తాను సార్."

ఓనరు కాసేపు గొణిగాడు. ఆఖరికి పిల్లల బట్టల సెక్షనులో నిలబడే పిన్నిని పిలిచాడు. వయసులో అందరికన్నా పెద్దదని షాపంతా ఆవిడని పిన్ని అనే అంటారు. ఆవిడకి కంప్యూటరు కూడా వచ్చు.

"ఇప్పట్నించి బిల్లింగ్‌లో నువ్వు కూర్చో పిన్నీ."

పిన్ని మొహం పాలిపోయింది. "వద్దు సార్. నాకు నిలబడటమే అలవాటు."

"ఇన్నేళ్ళూ నిలబెట్టానని కోపమా? అందుకేగా ఇప్పుడు కూర్చోమంటున్నాను."

"కోపం కాదు సార్. నాకు పిల్లల సెక్షనే బాగుంటుంది."

"ఎందుకు బాగుంటుంది? కారణం చెప్పు."

చుట్టూ సేల్స్ వాళ్ళు చెవులు రిక్కించి నిలబడ్డారు. పిన్ని నోరు తెరిచి, అందరినీ ఒకసారి చూసి, మూసుకుంది. "కారణమేం లేదు సార్."

ఆవిడ కాదంటే క్లర్కు పని అయిపోయినట్టే. అతను గబగబా ముందుకొచ్చాడు. "మహారాజా కుర్చీ పిన్నీ అది. హాయిగా ఉంటుంది. ఒకసారి కూర్చుంటే మీరే లేవనంటారు."

తనను నంజుకు తిన్న కుర్చీని నోరారా అంతలా పొగడగలిగినందుకు అతనికే ఆశ్చర్యమేసింది. కానీ తన ఒళ్ళు మండిపోతున్నప్పుడు ఎదుటి మనిషి ఇష్టాయిష్టాలు ఎవడికి పట్టాయి?

సేల్స్ అమ్మాయిలు చప్పట్లు కొట్టారు. పిన్ని వెళ్ళి కుర్చీ అంచున కూర్చుంది.

"మొహమాటమెందుకు, వెనక్కి జరిగి సరిగ్గా కూర్చో" అన్నాడు ఓనరు.

జరిగి కూర్చుంది. తల స్క్రీను వైపు తిప్పుకుంది.

ఆ సాయంత్రమంతా క్లర్కు బుల్లి బుల్లి గౌన్లు మడతపెడుతూ నిలబడ్డాడు. మంట పూర్తిగా పోలేదు గానీ, దాని మీద బరువు లేదు. చాలా కాలానికి తనూ మనిషినే అనిపించింది. టీ తాగుతూ ఫోన్ తీశాడు.

"అన్నా, నువ్వు చెప్పినట్టే పట్టుబట్టాను. నిలబడే పని దొరికింది. నీ మేలు మర్చిపోలేను."

ఎప్పుడూ వెంటనే పలికే మొండిఘటం ఈసారి పలకలేదు. షాపు మూశారు, షట్టర్లు దించారు. అతను బస్సు కోసం నిలబడి ఉండగా మొండిఘటం నుంచి మెసేజ్ వచ్చింది.

"చాలా సంతోషం తమ్ముడూ, నువ్వైనా గట్టెక్కావు. నా గతే తిరగబడింది. మా బిల్లింగ్ అబ్బాయికి నడుం నొప్పట, అతన్ని లేపి ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు."