చివరి మార్పు

డోరా మళ్లీ కంప్యూటర్ తెర మీదికి వంగింది. పదిహేడు పత్రాల పక్కన 'చివరి మార్పు' తేదీ ఈ రోజుదే. పొద్దున ఏడు గంటలు.

సికింద్రాబాద్‌లోని ఆ చర్చిలో ఒక్కో సభ్యుడి వివరాలకు కంప్యూటర్‌లో ఒక్కో ఎక్స్‌ఎంఎల్ పత్రం. వచ్చే ఆదివారం కమిటీ ఎన్నికలు. జాబితాలో ఒక్క పేరు తారుమారైనా కార్యదర్శిగా ఆమె మెడకే చుట్టుకుంటుంది.

ఏడింటికి ఆఫీసు తెరిచేది ఒక్కడే. నేరేడ్‌మెట్ నుంచి వచ్చే గుమాస్తా సైలస్. చేరి మూడు నెలలు. అడిగితే తప్ప మాట్లాడడు. అసలే అనుమానం ముందు పుట్టి డోరా తర్వాత పుట్టింది.

"సైలస్ గారూ, పొద్దున్నే ఏం మార్చారు?"

"ఏమీ మార్చలేదమ్మా. భద్రపరిచాను."

"మార్చకుండా భద్రపరచడమేంటి? నా చెవిలో పూలు పెట్టకండి. ఎవరు చెయ్యమన్నారు?"

"ఎవరూ చెప్పలేదమ్మా. నా అంతట నేనే."

తేలు కుట్టిన దొంగలా ఎలా నిలబడ్డాడో చూడు, అనుకుంది డోరా.

"తాళాలు, ఆఫీసు ఫోను ఇచ్చేయండి. రేపటి నుంచి రావద్దు."

రెండూ బల్ల మీద పెట్టాడు. "ఒక్క నిమిషం అమ్మా" అంటూ అటు తిరిగి కంప్యూటర్‌లో ఏదో తెరిచాడు. కాసేపు కదలకుండా కూర్చుని, ఒక్కసారి నొక్కి లేచి వెళ్లిపోయాడు.

ఆధారాలు చెరిపేశాడు! అనుకుంది డోరా.

మర్నాడే డేటాబేస్ చూసే విశ్వతేజను పిలిపించింది. అతను పాత ప్రతులూ కొత్త ప్రతులూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"ఒక్క అక్షరం సుత మారలే మేడం. తెరిచిండు, 'భద్రపరచు' నొక్కిండు, మూసిండు. గంతే. ఏం మార్చకున్నా అది నొక్కితే తారీఖు మారుతది."

"మరి ఈ పేర్లే ఎందుకు?"

విశ్వతేజ చదివాడు. లూకా. ఎమిలీ. నతానియేల్...

లూకా డయాలసిస్ మీద ఉన్నాడు. ఎమిలీ ఐసీయూలో ఉంది. నతానియేల్‌కు ఉద్యోగం పోయింది. పదిహేడుమందీ ప్రార్థన విన్నపాల పెట్టెలో చీటీలు వేసినవాళ్లే.

'భద్రపరిచాను.' ఒక్కో పేరు తెరిచి ప్రార్థన చేశాడన్నమాట. ఆ మాట డోరాకు ఇప్పుడు అర్థమైంది. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

గబగబా సైలస్ నంబరు నొక్కింది. ఆమె సొరుగులోనే మోగింది, నిన్న లాక్కున్న ఆఫీసు ఫోను.

"నిన్న పోతా పోతా ఇంకొకటి నొక్కిండు మేడం" అన్నాడు విశ్వతేజ.

తెర మీద తెరుచుకున్న ఆ పద్దెనిమిదో పత్రం డోరాదే.