ఎనిమిదడుగుల గోడ

“ఏ సందులోదమ్మా ఈ గోడ?” అని అడిగింది వసుమతి మేడమ్.

“ఏ సందైతే ఏంటి మేడమ్, గోడే కదా!” అంది షెర్లిన్.

“అదే చెబుతున్నా. ఎక్కడిదో తెలియని గోడ ఇది. మళ్ళీ వెయ్యి.”

పంజాగుట్టలోని ఆ చిత్రకళ కాలేజీలో షెర్లిన్‌ది ఆఖరి సంవత్సరం. పరీక్షకి ఒక పెద్ద బొమ్మ వేసి చూపించాలి. అది తప్పితే డిగ్రీ రాదు, ఏడాదంతా వృథా. ఆమె ఎంచుకున్నది పోస్టర్లు అంటించిన అమీర్‌పేట గోడ. ఫోన్‌లో ఒక ఫొటో తీసుకుని, ఇంట్లో ఫ్యాన్ కింద కూర్చుని, ఎక్కడా గీత చెదరకుండా వేసుకొచ్చింది. ఇంక ఇరవై రోజులే ఉన్నాయి. ఏడుపొచ్చింది, కోపం అంతకంటే ఎక్కువొచ్చింది. ఆ కోపంతోనే మర్నాడు పొద్దున్నే అమీర్‌పేట వెళ్ళి ఒక గోడ ముందు నిలబడింది.

“జర పక్కకు జరుగు బిడ్డా,” అన్నాడు వెనక నుంచి ఒక పెద్దాయన. చంకలో పోస్టర్ల కట్ట, చేతిలో మైదాపిండి జిగురున్న బకెట్టు. పేరు రాజనర్సయ్య. పాతికేళ్ళుగా ఆ సందుల్లో కోచింగ్ సెంటర్ల పోస్టర్లు అంటిస్తున్నవాడు.

“పాతవి పీకేసి అంటించవా తాతా?”

“ఎందుకు పీకుడు? కింద మందం ఉంటెనే పైది మంచిగ పడ్తది. నువ్వు ఉత్త కండ్లతోని చూస్తున్నవ్. చెయ్యి పెట్టి చూడు.”

పెట్టింది. గోడ మెత్తగా తగిలింది. చిరిగిన అంచు లేపితే జావా కోర్సు పోస్టర్ కింద లేడీస్ హాస్టల్, హాస్టల్ కింద బ్యాంకు పరీక్షలు, వాటి కింద ఎప్పుడో మూతపడ్డ టైపు ఇన్‌స్టిట్యూట్. అన్నిటి కింద ఎక్కడో సున్నం. ఫొటోలో ఇదేదీ లేదు. షెర్లిన్ ఆ పూట కాలేజీకే వెళ్ళలేదు.

ఆ తర్వాత ఆ పిల్ల పడిన కష్టం చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. ఎనిమిదడుగుల ప్లైవుడ్ తెచ్చి హాల్లో పెట్టుకుంది. ఇంటికి ప్రార్థనకొచ్చిన వాళ్ళని తల్లి దేవమణి వంటింట్లో కూర్చోబెట్టాల్సి వచ్చింది. ముందు సున్నం వేసింది, రంగుతోనే. దాని మీద అక్షరం అక్షరం ఒక పోస్టర్ వేసింది. అది ఆరాక, సగం కప్పేస్తూ ఇంకోటి. కాగితం ముక్క ఒక్కటి కూడా అంటించలేదు, అంతా బ్రష్షే. పొద్దున రాజనర్సయ్య వెనకాల తిరగడం, గోడలు తడమడం, వచ్చి వేసుకోవడం. వాన పడితే అచ్చు రంగు ఎటు కారుతుందో, తాత జిగురు చీపురుతో అదిమిన చోట ముడత ఎలా పడుతుందో నేర్చుకుంది. నచ్చక మూడుసార్లు గీకేసింది కూడా.

“కనపడని పోస్టర్లు కూడా పూర్తిగా ఎందుకేశావ్?” అని అడిగింది వసుమతి, ఒకరోజు చూడ్డానికొచ్చి.

“కింద ఏముందో తెలిస్తేనే కదా మేడమ్, పైది ఎక్కడ ఉబ్బుతుందో తెలిసేది.”

ఇలాంటి మాట ఒక విద్యార్థి నోట విని ఎన్నేళ్ళయిందో అనుకుంది వసుమతి. పైకి మాత్రం “సరే, కానివ్వు” అంది.

పరీక్ష ముందురోజు సాయంత్రం బొమ్మని ట్రాలీ ఆటోలో కాలేజీకి తెచ్చారు. ఆఖరి పూత ఇంకా ఆరలేదని, గాలి తగిలేలా గేటు లోపల ప్రహరీకి ఆనించి పెట్టారు. షెర్లిన్ వెంటనే ఫోన్ చేసింది.

“రేపు పొద్దున తప్పకుండా రావాలి తాతా. అందరికంటే ముందు నువ్వే చూడాలి.”

“పనికి పోంగ వస్త బిడ్డా. నీ బొమ్మ చూడకుండ ఉంటనా?”

మర్నాడు తొమ్మిదింటికి గేటు దాటి లోపలికొచ్చిన షెర్లిన్ కెవ్వుమంది. బొమ్మ నట్టనడుమ ఇంత పెద్ద పోస్టర్. ‘పదిహేను రోజుల్లో ఇంగ్లీషు.’ ఇంకా తడిగానే ఉంది. లాగబోతే దాంతోపాటు కింది రంగు కూడా లేచొస్తోంది.

“నేను చాయ్ తాగనీకి పోయిన మేడమ్. గా పది నిమిషాల్లనే ఎవడో...” అని నీళ్ళు నమిలాడు వాచ్‌మన్.

“ఎవరో కడుపుమంటతో చేసిన పనే ఇది!” అని మండిపడింది వసుమతి.

అంతలో పరీక్షకుడు చలపతిరావు రానే వచ్చాడు. బొమ్మని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

“అమ్మాయి చెయ్యి గొప్పదేనండీ, కాదనను. కానీ మధ్యలో ఏం వేసిందో కనపడకుండా మార్కులెలా వేయను? అసంపూర్ణం అని రాయాల్సి వస్తుంది,” అంటూ జేబులోంచి పెన్ను తీశాడు.

షెర్లిన్ పోస్టర్ అంచుని మళ్ళీ గోటితో లేపబోయింది. ఇరవై రోజుల కష్టం కళ్ళ ముందే మట్టిపాలవుతోంది. వస్తానన్న తాత కూడా రాలేదు.

అప్పుడే ఆమె ఫోన్ మోగింది. చేతుల నిండా జిగురు. వసుమతే తీసి స్పీకర్ పెట్టింది.

“ఏడున్నవ్ బిడ్డా? పొద్దుగాల్నే మీ కాలేజీకొచ్చిన. గేటు కాడ ఎవ్వరు లేరు. అంత తిరిగి చూసిన, నీ బొమ్మ ఏడ కనవడలే,” అన్నాడు రాజనర్సయ్య. “వచ్చినోన్ని ఉత్తగ ఎందుకు పోవాలని, గేటు లోపట గోడకు ఒక పోస్టర్ అంటించి పోయిన.”