పాట పెడితే పెరిగిన బట్ట

నేతన్నలు సాంచెలనే మరమగ్గాలు నడిపే షెడ్డులో పాటలు పెడితే బట్ట ఎక్కువ నేస్తారని ప్రొఫెసర్ దశరథం రాసిన పేపర్‌కు కరీంనగర్‌లో పెద్ద పేరు. ఆ లెక్కలు మళ్లీ చేసిన నలుగురు శిష్యులకూ అచ్చం ఆయన ఫలితమే వచ్చింది. తర్వాత నలుగురికీ డాక్టరేట్లు వచ్చాయి.

ఐదో శిష్యురాలు ఇఖ్రాకు మాత్రం ఆ ఫలితం రాలేదు. ఆమె ఫెలోషిప్ ఈ నెలతో ఆఖరు.

"సాఫ్ట్‌వేర్ పాతదై ఉంటది, మార్చి చూడు" అన్నారు దశరథం.

మార్చింది. అయినా రాలేదు.

"గట్లెట్ల రాదు? జర మనసు పెట్టి చెయ్యి బిడ్డా."

మనసు పెట్టడానికి సాఫ్ట్‌వేర్‌లో మీట ఎక్కడా కనబడలేదు. చివరికి ధైర్యం చేసి చెప్పేసింది.

"సార్, మిక్స్‌డ్ మోడల్ అనే లెక్కల ఒక్క షెడ్డోళ్లను ఒక్క గుంపుగ చూడాలె. మీరు అందర్నీ విడివిడిగ లెక్కగట్టిండ్రు. పాటలు పెట్టిన షెడ్లల్ల సాంచెలే కొత్తయి. పాటతోని ఏం పెరగలే సార్."

దశరథం లేచి గది తలుపు మూశారు. తన చదువుకే తలుపు మూశారనుకుంది ఇఖ్రా.

"గా సంగతి నాకు ఎప్పుడో తెల్సు. ఒక్కరన్న చెప్తరేమోనని చూస్తున్న. నువ్వు చెప్పినవ్."

ఇఖ్రా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నాళ్లూ తను తిట్టుకున్నది ఇంత మంచి మనిషినా!

"అయితే ఆ పేపర్ వాపస్ తీసుకుంటరా సార్?"

"వాపస్ ఎందుకు? అది తప్పని ఇంకో పేపర్ రాద్దాం. ముందు నా పేరు, ఎనుక నీ పేరు."