అరుగు మీది శిష్యుడు

తాబాన్ రాసుకొచ్చిన నోటుపుస్తకాన్ని అచ్యుతరామయ్య రెండు వేళ్లతో పట్టుకుని అరుగు మీద పడేశారు.

"ఏంటయ్యా ఈ రాతలు? 'యాడికి పోతన్నావ్', 'ఒచ్చాడంట'. ఇది తెలుగా?"

"రేపల్లె బస్సులో విన్నానండి. పెనుమూడి ఊరి మామ్మగారొకరు ఇలాగే అన్నారు."

"బస్సులో వాళ్ల వాగుడు నేర్చుకోవడానికి నా దగ్గరికెందుకు? బస్టాండులోనే కూర్చో."

లోపల ట్యూషన్ పిల్లలు నవ్వారు.

అచ్యుతరామయ్య బాపట్లలో పేరున్న తెలుగు పండితులు. రిటైరయ్యాక ఇంటి దగ్గరే పాఠాలు చెబుతున్నారు.

తాబాన్‌ది సూడాన్. వ్యవసాయం చదవడానికి రెండువేల నాలుగులో బాపట్ల వచ్చాడు. ముప్పై ఎనిమిదేళ్లు. క్లాసులో అందరూ వెనకాల 'తాత' అనేవారు. మెస్సులో పచ్చడి తింటే కళ్లమ్మట నీళ్లు కారేవి. బస్సులో పక్క సీటు ఖాళీగా ఉన్నా ఎవరూ కూర్చునేవారు కాదు.

మాట వస్తే మనుషులు దగ్గరవుతారనుకుని, తెలుగు నేర్పమంటూ ఈ ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు.

అచ్యుతరామయ్య ఒప్పుకున్నారు గానీ గడప దాటనివ్వలేదు. ఆయన భార్య మంగతాయారు అతనికి మంచినీళ్లు వేరే గ్లాసులో ఇచ్చేవారు. తాగాక కడిగి అరుగు చివర బోర్లించమనేవారు.

"ఒక సందేహమండి," అన్నాడు తాబాన్, పుస్తకం దులుపుకుంటూ.

"ఏంటి?"

"'రాముడు'లో 'రా' ఒకలా ఉంది. 'వచ్చాడు'లో 'చ్చా' ఇంకోలా పలుకుతున్నారు. మీరు కూడా అంతేనండి. రెండు 'ఆ' శబ్దాలూ వేరు, అక్షరం మాత్రం ఒకటే. ఎందుకండి?"

నలభై ఏళ్లలో ఏ శిష్యుడూ ఆ మాట అడగలేదు. అచ్యుతరామయ్య మనసులోనే 'వచ్చాడు' అనుకుని చూసుకున్నారు. తేడా ఉంది. దాంతో ఒళ్లు ఇంకా మండింది.

"నీ పేరు నువ్వు తెలుగులో తిన్నగా రాయలేవు. వెయ్యేళ్ల భాషకి వంకలు పెడతావా?"

తాబాన్ పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాడు.

"రేపట్నుంచి రాకు."

నెల తర్వాత ఒక సాయంత్రం మళ్లీ వచ్చాడు. చేతిలో కొల్లూరు అరటిపళ్లు.

"గురువుగారు ఉన్నారా అమ్మా?"

లోపల వాలుకుర్చీలో పేపరు చదువుకుంటున్న అచ్యుతరామయ్య, లేనని చెప్పమన్నట్టు చెయ్యి ఊపారు.

"పూజలో ఉన్నారు," అన్నారు మంగతాయారు, తలుపు ఓరగా వేస్తూ.

"మా వైపు యుద్ధం ఆగిందమ్మా. బడులు తెరుస్తున్నారు, రమ్మని కబురొచ్చింది. చదువు మధ్యలో ఆపి పోతున్నాను. ఆయనకి దణ్ణం పెట్టి పోదామని."

"ఆలస్యమవుతుంది. నేను చెప్తాలే."

ఆవిడ తలుపు మూశారు. అతను పళ్లు గడప పక్కన పెట్టి, ఆ తలుపుకే దణ్ణం పెట్టాడు.

"వెల్లొస్తానండి," అన్నాడు, లోపలికి వినబడేలా.

"'ళ' పలకడం రాలేదు, వీడు నాకు తప్పులు చెబుతాడు," అని అచ్యుతరామయ్య పేపరు తిప్పారు.

నాలుగు రోజులకి మరో సూడాన్ కుర్రాడు వచ్చాడు. ఇరవై ఏళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. చెప్పులు వీధిలోనే విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తన పేరు లాడో అనీ, తెనాలి కాలేజీలో ఆ వారమే చేరాననీ ఇంగ్లీషులో చెప్పుకున్నాడు.

"మాస్టారు ఉన్నారా అండి?"

"నేనే."

"మీరు కాదండి. తాబాన్ మాస్టారు. తన గురువుగారి ఇల్లంటూ ఉత్తరంలో ఈ అడ్రసు రాశారు."

అచ్యుతరామయ్యకి నవ్వొచ్చింది.

"అతను మీ దేశం వెళ్లిపోయాడు. అయినా మాస్టారేంటయ్యా, నా దగ్గర ఓనమాలు దిద్దుకున్న మనిషి."

కుర్రాడి ముఖం వాడిపోయింది. ఖాళీ అరుగు వంక చూశాడు.

"మా భాషకి ఓనమాలు ఉండేవి కావండి," అన్నాడు. "శరణార్థుల శిబిరంలో ముసలివాళ్ల పక్కన ఆరేళ్లు కూర్చుని, వాళ్లు పలికిన ఒక్కో శబ్దానికీ ఒక్కో అక్షరం కల్పించింది ఆయనే."