బోరుకు బెల్లం

తెల్లారిందంటే చాలు, ఆ వీధిలో ప్రతి ఇంటివాళ్లూ బోరులో బెల్లం నీళ్లు పోయాల్సిందే. ఒకప్పుడు వీధి మొదట్లో ఉన్న డ్రైక్లీనింగ్ షాపు వాడిన మందు నేలలోకి ఇంకి, అందరి నీళ్లనూ విషం చేసింది. ఆ విషాన్ని విరిచే సూక్ష్మజీవుల్ని బోర్లలోకి వదిలారు. బెల్లం మేపితేనే అవి పనిచేస్తాయి. ఇంట్లో పాయసం మానేసి మరీ మేపింది వైజయంతి.

ఇన్నేళ్లకు నిన్న సాయంత్రం బోరు మీద బిగించిన మీటరులో పచ్చదీపం వెలిగింది. అది నెల్లాళ్లు నిలబడితే నీళ్లు తాగొచ్చు. పొద్దున లేచి చూస్తే ఎర్రదీపం! జీవులన్నీ చచ్చాయన్నమాట.

"అత్తయ్యా! బోర్లో ఏం పోశారు?"

"పచ్చదీపం వచ్చిందన్నావుగా. గంగమ్మకి దండం పెట్టుకుని చెంబెడు పసుపు నీళ్లు పోశాను" అంది కనకవల్లి.

"మన పుండు మీద పసుపు ఎందుకేస్తాం? పురుగు చావాలనేగా!"

"నాకేం తెలుసే? నువ్వు లేవకముందే వీధిలో అందర్నీ పేరంటానికి పిలిచి, ఎవరి బోర్లో వాళ్లచేత పోయించాను కూడా."

వైజయంతి గేటు దగ్గరికి పరుగెత్తింది. వీధి చివరిదాకా ఇంటింటా ఎర్రదీపమే.

వెనక నుంచి అత్తగారు మెల్లగా అంది:

"పోనీలేవే. నానబెట్టిన బెల్లం ఉందిగా, ఇవాళ పాయసం చేద్దామా?"